సంభావ్యతా పాఠములో మూడు పేర్లు

సంభావ్యతను గూర్చి మొదటి పాఠము చెప్పబూనిన ఉపాధ్యాయుడు సాధారణముగా జేబులోనుండి ఒక రూపాయి నాణెమును తీయును. దానిని పదిసార్లో ఇరువదిసార్లో ఎగురవేయించి, బొమ్మ ఎన్నిమార్లు పడినదో నల్లబల్లపై వ్రాయించును. వచ్చిన సంఖ్య సగమునకు దూరముగా నున్నచో, ఇంకను ఎక్కువసార్లు ఎగురవేసినయెడల సగమునకు వచ్చితీరునని చెప్పి, పుస్తకములోని సాక్ష్యమును చూపును. ఆ సాక్ష్యము ముగ్గురు పెద్దల పేర్లతో కూడినది గనుక తరగతిలో ఎవరును ఎదురు ప్రశ్న వేయరు.

ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి 2006 నాటి పదవ తరగతి గణిత పుస్తకములో ఆ మూడు పేర్లును ఒకదాని వెంట నొకటి కనబడును. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బ్యూఫాను నాణెమును 4,040 సార్లు ఎగురవేయగా 2,048 బొమ్మలు పడినవి. కెరిచ్ 10,000 సార్లు ఎగురవేయగా 5,067 పడినవి. కార్ల్ పియర్సను 24,000 సార్లు ఎగురవేయగా 12,012 పడినవి. నిష్పత్తులు వరుసగా 0.507, 0.5067, 0.5005. చదువు విద్యార్థికి కన్నులయెదుట ఒక మెట్లవరుస నిలుచును. ఒక్కొక్క మెట్టు ఎక్కిన కొలది సగము దగ్గరపడుచున్నట్లు తోచును.

సంభావ్యతను కేవలము నిర్వచనముతో ముగింపక, ప్రయోగముతో ముడిపెట్టవలెనన్న ఆ పుస్తకకర్తల సంకల్పము మెచ్చదగినదే. అనుకూల పర్యవసానములను మొత్తము పర్యవసానములచే భాగించుటయే సంభావ్యతయని వల్లెవేయించిన కాలముకంటె ఇది చాల మేలు. సంఖ్యలలోను తప్పు లేదు. తప్పు అంతయు వానిని పేర్చిన తీరులో నున్నది. ఆ మూడు ప్రయోగములను విడివిడిగా విప్పి చూచినచో, అవి చెప్పు సంగతి వేరు, మెట్లవరుస చెప్పు సంగతి వేరు.

మొదట బ్యూఫాను సంగతి. ఆయన నాణెము ఎగురవేయించినది బొమ్మకు ఎంత అవకాశమున్నదో తెలిసికొనుటకు గాదు. 1777లో ప్రకటించిన 'నైతిక అంకగణితము' అను వ్యాసములో ఆయన చర్చించినది ఒక జూదమును గూర్చి. ఆటగాడు నాణెమును ఎగురవేయును. మొదటిసారియే బొమ్మ పడినచో అతనికి ఒక ఎక్యూ, అనగా ఒక వెండి నాణెము, లభించును. రెండవసారి పడినచో రెండు, మూడవసారి పడినచో నాలుగు, ఇట్లు రెట్టింపగుచు పోవును. బొమ్మ పడగానే ఆట ముగియును. ఈ ఆటలో చేరుటకు ఎంత రుసుము చెల్లించుట న్యాయము? లెక్క వేసిన అనంతమని వచ్చును. కాని బుద్ధిమంతుడెవడును అందుకు ఇరువది ఎక్యూలైనను ఈయడు. ఈ చిక్కును విడదీయుటకై బ్యూఫాను ఒక పిల్లవానిచే ఆ ఆటను 2,048 మారులు ఆడించెను.

1,061 ఆటలు మొదటి విసురుతోనే ముగిసినవి. 494 ఆటలు రెండవ విసురుతోను, 232 మూడవదానితోను, 137 నాలుగవదానితోను, 56 అయిదవదానితోను, 29 ఆరవదానితోను, 25 ఏడవదానితోను, 8 ఎనిమిదవదానితోను, 6 తొమ్మిదవదానితోను ముగిసినవి. చెల్లింపవలసిన మొత్తము 10,057 ఎక్యూలు. అనగా ఆటకు ఇంచుమించు అయిదు. ఇదియే ఆయనకు కావలసిన జవాబు.

ఇక విద్యార్థి కాగితము తీసికొని, పై సంఖ్యలను విసురుల లెక్కతో గుణించి కూడవచ్చును. ఒకటి చొప్పున 1,061, రెండేసి చొప్పున 988, మూడేసి చొప్పున 696, ఇట్లు పోయి మొత్తము సరిగా 4,040 వచ్చును. ప్రతి ఆటయు ఒక్క బొమ్మతో ముగియును గనుక, బొమ్మలు 2,048. పాఠ్యపుస్తకములోని సంఖ్య పుట్టినది ఇక్కడనే. కాని కథ తలక్రిందులైనది. బ్యూఫాను 4,040 సార్లు ఎగురవేయవలెనని కూర్చుండలేదు, 2,048 బొమ్మలు ఆయనకు 'లభింపనూలేదు'. 2,048 అన్నది ఆయన ముందుగా నిర్ణయించుకొన్న సంఖ్య. రెండును పదునొకండుమార్లు హెచ్చించిన వచ్చునది. యాదృచ్ఛికముగా వచ్చినది 4,040. స్థిరమైనదానిని ఫలితమనియు, ఫలితమును స్థిరమైనదనియు చెప్పుట ప్రయోగమును బోధించు పాఠములో చిన్న పొరపాటు గాదు. ప్రయోగము ఎప్పుడు ఆపవలెనన్నది ముందుగా ఎవరు, ఎట్లు నిర్ణయించిరన్నది ప్రయోగములో భాగమే గదా.

రెండవ పేరు కెరిచ్. ఈ ముగ్గురిలో పాఠశాలకు నిజముగా పనికివచ్చువాడు ఈయనే. పుస్తకము ఈయనకు ఒక్క వాక్యము మాత్రమే కేటాయించినది. జాన్ కెరిచ్ దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గులో విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయమున గణితము బోధించినవాడు. 1940 ఏప్రిలులో జర్మను సేనలు డెన్మార్కును ఆక్రమించునాటికి ఆయన కోపెన్‌హేగనులో అత్తవారింట చిక్కుపడెను. బ్రిటిష్ పౌరుడు గనుక ఆయనను పట్టుకొని జట్లాండు ప్రాంతములోని ఒక నిర్బంధ శిబిరమునకు పంపిరి. అక్కడ కాలము గడచుట కష్టము. తోటి నిర్బంధితుడు ఎరిక్ క్రిస్టెన్సెనుతో గూడి ఆయన ఒక నాణెమును పదివేలసార్లు ఎగురవేసి, ప్రతి ఫలితమును వరుసగా వ్రాసిపెట్టెను. యుద్ధము ముగిసిన పిమ్మట 1946లో ఆ లెక్కలతో సంభావ్యతా సిద్ధాంతమునకు ప్రయోగపూర్వకమైన ప్రవేశికగా ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఆయన చేసిన గొప్ప పని పదివేలసార్లు ఎగురవేయుట గాదు; ఓపికయున్నవాడెవడైనను ఆ పని చేయగలడు. నడుమ నడుమ ఏమి జరిగినదో దాచక చూపుట గొప్ప.

ఆ నడుమ జరిగినది ఇది. మొదటి 10 విసురులలో బొమ్మలు 4. ఇరువదికి సరిగా 10. ఏబదికి సరిగా 25. నూటికి 44, అనగా సగమునకు 6 తక్కువ. ఐదువందలకు 255, అనగా 5 ఎక్కువ. ఏడువందలకు 368, ఆధిక్యము 18కి పెరిగినది. వేయికి 502, ఆధిక్యము 2కు తగ్గినది. అయిదువేలకు 2,533, ఆధిక్యము 33. ఆరువేలకు 3,009, ఆధిక్యము 9. తొమ్మిదివేలకు 4,538, ఆధిక్యము 38. పదివేలకు 5,067, ఆధిక్యము 67.

ఈ అంకెలను నల్లబల్లపై వ్రాసి, రెండు నిమిషములు ఏమియు మాటలాడక ఊరకున్నచో, చురుకైన విద్యార్థి తానే లేచి అడుగును: 'సగమునకు దగ్గర కావలెనంటిరి, దూరమగుచున్నదే?' నిజమే. నూరు విసురులకు ఆరు తేడా యున్నచోట పదివేలకు అరువదియేడు తేడా వచ్చినది. నిష్పత్తి మాత్రము నూటికి 44 నుండి 50.67కు చేరినది. తేడా పెరుగుచున్నను నిష్పత్తి స్థిరపడుటయే ఈ పాఠములోని అసలు కీలకము. తేడా పెరుగుదలకంటె విసురుల పెరుగుదల చాల వేగమైనది గనుక ఇట్లు జరుగును.

అంతటితో ఆగదు. వేయి విసురుల వద్ద నిష్పత్తి 50.2, పదివేల వద్ద 50.67. కెరిచ్ వేయివద్ద ఆపియున్నచో సగమునకు ఎక్కువ దగ్గరగా నుండెడివాడు. ఇరువది వద్దనో ఏబది వద్దనో ఆపియున్నచో సరిగా సగమే వచ్చెడిది. కావున నిష్పత్తియైనను మెట్లుమెట్లుగా సగమునకు దిగదు. అటునిటు ఊగుచునే యుండును. ఎక్కువసార్లు ఎగురవేసినందువలన లభించునది ఊగుటకు గల మేర చిన్నదగుట మాత్రమే. ఆ మేరను కొలుచుటకు ఉన్నత పాఠశాల విద్యార్థికి వర్గమూలము తెలిసిన చాలును. విసురుల సంఖ్యకు వర్గమూలము కట్టి, అందులో సగము తీసికొనవలెను. నూటికి 5, పదివేలకు 50. ఇట్టి ప్రయోగములు అనేకము చేసినచో ఇంచుమించు మూడింట రెండు వంతులు ఈ హద్దులోపల పడును, మూడవ వంతు బయట పడును. నూటికి 5 అనగా నూటికి అయిదువంతులు. పదివేలకు 50 అనగా నూటికి అరవంతు. విసురులను నూరింతలు చేసిన మేర పదింతలు మాత్రమే తగ్గినది. కెరిచ్‌కు వచ్చిన 67 హద్దుకు కొంచెము బయట నున్నది. అంతకంటె దూరము పోవుట నూటికి ఇంచుమించు 18 సార్లు జరుగును గనుక అందులో వింత లేదు.

మూడవ పేరు పియర్సను. 24,000 విసురులకు హద్దు 77. ఆయనకు వచ్చిన తేడా 12. ఇంత దగ్గరగా వచ్చుట ఎనిమిదింట ఒకసారి జరుగును. జరిగినది, సంతోషమే. కాని పుస్తకములో దానిని చివరి మెట్టుగా నిలిపినందువలన, అది ఓపికకు లభించిన ప్రతిఫలమని విద్యార్థి అనుకొనును. వాస్తవముగా అందులో అదృష్టము పాలు చాల కలదు.

ఇంత వివరము ఎందుకని, పదవ తరగతికి ఇది మించిన చదువని ఎవరైనను ఆక్షేపింపవచ్చును. పుస్తకములో చోటు తక్కువ, పీరియడు నలువది నిమిషములే. ఆక్షేపణ కొట్టివేయదగినది గాదు. అయినను మెట్లవరుస విద్యార్థి మనస్సులో నాటు రెండు విషయములను చూచినచో ఈ వివరము అనావశ్యకమని తోచదు.

మొదటిది, ప్రకృతి బాకీ తీర్చునన్న నమ్మకము. నిష్పత్తి సగమునకు వచ్చితీరునని మాత్రమే నేర్చినవాడు, వరుసగా ఆరు బొరుసులు పడిన పిమ్మట ఏడవది బొమ్మయే కావలెనని తలంచును. జూదగాండ్ర సంగతి అటుంచి, ఈ తలంపు ఇండ్లలోనే వినబడుచుండును. ముగ్గురు ఆడుపిల్లలు పుట్టిన ఇంట, నాలుగవ కాన్పులో మగపిల్లవాడు తప్పడని పెద్దవాండ్రు ధైర్యము చెప్పుదురు. ఆ మాట నమ్మి నాలుగవ కాన్పుకు సిద్ధపడిన తల్లి ఆరోగ్యము ఏమగునో సంభావ్యతా పాఠమునకు సంబంధింపని సంగతి గాదు. కెరిచ్ పట్టిక ఈ నమ్మకమునకు సూటియైన జవాబు చెప్పును. తొమ్మిదివేల విసురుల వద్ద బొమ్మలు 38 ఎక్కువైయున్నవి. బాకీ తీర్చుట ప్రకృతి ధర్మమైనచో తరువాతి వేయిలో బొరుసులు ఎక్కువ పడవలెను. పడినవి 529 బొమ్మలు. బాకీ తీరలేదు సరిగదా, ఇంకొక 29 చేరినది. మొదటి నూటిలోని ఆరు కొరత సైతము ఎవరును పూడ్చినది గాదు. ఉప్పుగల్లును గ్లాసెడు నీటిలో వేసిన రుచి తెలియును, చెరువులో వేసిన తెలియదు. ఉప్పు ఎక్కడికిని పోలేదు.

రెండవది ఇంతకంటె హానికరము. సగమునకు దగ్గరగా వచ్చుటయే ప్రయోగము సఫలమైన గుర్తని విద్యార్థి గ్రహించినచో, రికార్డు పుస్తకములో సగమునకు దగ్గరగానే వ్రాయును. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో గురుత్వ త్వరణము 980కి ఎంత దగ్గరగా వచ్చిన అన్ని మార్కులని తెలిసినవాడు లోలకమును ఊపకయే లెక్కను వెనుకనుండి కట్టుట కళాశాలలలో అందరెరిగిన విద్య. నాణెముల ప్రయోగము ఆ విద్యకు ఓనమాలు కారాదు.

ఇక్కడ ఉపాధ్యాయునికి చక్కని ఆయుధము ఒకటి గలదు. నలువదిమంది విద్యార్థులు తలకు 50 చొప్పున నాణెము ఎగురవేసిరనుకొనుడు. సరిగా 25 బొమ్మలు వచ్చుట తొమ్మిదింట ఒకసారి మాత్రమే జరుగును. అనగా తరగతిలో నలుగురికో అయిదుగురికో. ఇంచుమించు ఇరువదియేడుగురికి 22కు 28కి నడుమ వచ్చును. మిగిలిన పదుముగ్గురికి ఆ హద్దులకు బయట రావలెను. రికార్డులు తెప్పించి చూడగా ఇరువదిమంది 25 వ్రాసియున్నచో, నాణెములు ఎగురలేదని గ్రహింపవచ్చును. మరియొక పరీక్ష ఇంకను సూక్ష్మమైనది. నిజముగా 50 సార్లు ఎగురవేసిన పట్టికలలో, ప్రతి అయిదింటిలో నాలుగింట, ఒకే ముఖము వరుసగా అయిదు లేక అంతకుమించి పడినచోటు కనబడును. కల్పించి వ్రాయువాడు వరుసగా మూడు వ్రాయగానే భయపడి ముఖము మార్చును. శిక్షించుటకు గాదు, చూపుటకు ఈ పరీక్ష చేయవలెను. సగము తరగతిచే నిజముగా ఎగురవేయించి, సగము తరగతిచే ఊహించి వ్రాయించి, పేర్లు లేని కాగితములను కలిపివేసి, ఏది ఏదో ఉపాధ్యాయుడు పోల్చి చెప్పినచో పిల్లలకు అది గారడీవలె తోచును. నాణెము తనకంటె ఎక్కువ విశృంఖలమైనదని వారికి అప్పుడు నమ్మకము కలుగును.

పెద్దలును ఈ బలహీనతకు అతీతులు కారు. బ్యూఫాను పేరుతోనే ప్రసిద్ధమైన సూది సమస్య యొకటి కలదు. సమాన దూరములో గీతలు గీచిన బల్లపై సూదిని పదేపదే విసరి, అది గీతను తాకిన సార్లను లెక్కించి, 'పై' విలువను కట్టవచ్చును. 1901లో ఇటలీ దేశీయుడు లాజరీని 3,408 విసురులకు 1,808 తాకిడులు వచ్చినవని ప్రకటించెను. సూది పొడవు 2.5, గీతల నడుమ దూరము 3 సెంటీమీటర్లు. లెక్క వేసిన 'పై' 3.1415929 వచ్చును, ఆరు దశాంశ స్థానములవరకు సరి. ఇది 355ను 113చే భాగించిన వచ్చు సంఖ్యయే. 1,808 అనగా 113కు పదునారు రెట్లు. ఒక్క తాకిడి తగ్గి 1,807 అయినచో విలువ 3.1433కు మారిపోవును. అనగా సూది అంచు గీతను తాకినదా లేదా అన్న ఒక్క సందేహము మూడవ దశాంశమునే చెరపగలదు. 1994లో బాడ్జర్ అను గణితజ్ఞుడు ఈ ప్రయోగమును నిశితముగా పరిశీలించి నమ్మదగినది కాదని చూపెను. ఫలితము మరీ బాగుండుటయే దాని దోషము. ఇట్టి ఉదాహరణము ఒక్కటి పాఠ్యపుస్తకములో చేరిన మూడు మెట్లకంటె ఎక్కువ మేలు చేయును.

ప్రయోగము పుస్తకమునకు తలయూపుట మాత్రమే చేయదు. ఒక్కొక్కప్పుడు ఎదురు చెప్పును. వెల్డన్ అను ఆంగ్ల ప్రాణిశాస్త్రజ్ఞుడు పండ్రెండు పాచికలను 26,306 సార్లు వేసెను. మొత్తము 3,15,672 పాచిక ఫలితములలో అయిదుగాని ఆరుగాని పడవలసినది మూడవ వంతు, అనగా 1,05,224. పడినవి 1,06,602. ఊగుటకు గల హద్దు 265 మాత్రమే కాగా తేడా 1,378. పియర్సను 1900లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసములో ఈ అంకెలను పరీక్షించి, పాచికలు సమములు కావని తేల్చెను. చుక్కలకై గుంటలు తొలిచిన పాచికలో ఆరు చుక్కల ముఖము తేలికయగుటయే కారణమని సాధారణముగా చెప్పెదరు. నాణెముల సంగతియు ఇట్టిదే. 2023లో వెలువడిన ఒక అధ్యయనములో 48 మంది కలిసి 46 రకముల నాణెములను 3,50,757 సార్లు ఎగురవేసిరి. బొమ్మకు బొరుసుకు భేదము కనబడలేదు గాని, చేతిలో ఏ ముఖము పైకుండెనో అదే ముఖము పైకి పడుట నూటికి 50.8 వంతులు జరిగినది. కెరిచ్ కూడ ఒక ప్రక్క సీసము పూసిన కొయ్యబిళ్ళను ఎగురవేసి, రెండు ముఖములకు సమానావకాశము లేని 'నాణెము' ఎట్లు ప్రవర్తించునో తన పుస్తకములో చూపెను. పాఠ్యపుస్తకములు కెరిచ్ వద్దనుండి ఎరువు తెచ్చుకొనవలసినది పదివేల నాణెముకంటె ముందు ఈ కొయ్యబిళ్ళను.

సీసమునకై వెదకనక్కరలేదు. అష్టాచెమ్మా ఆడు ఇండ్లలో ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు ఉండనే యుండును. కొన్ని ప్రాంతములవారు గవ్వలతో ఆడుదురు. నాలుగు పిక్కలును తెల్లముఖము పైకి పడిన చెమ్మా, నాలుగు. నాలుగును బోర్లపడిన అష్టా, ఎనిమిది. అష్టాకు చెమ్మాకు రెట్టింపు విలువ ఏల ఇచ్చిరన్న ప్రశ్నతో పాఠము ప్రారంభించినచో ఆడినవారందరు చెవియొగ్గుదురు. పిక్క నాణెమువంటిదైనచో రెండును పదునారింట ఒక్కొక్కసారి, అనగా నూటికి ఆరు చొప్పున పడవలెను. తెల్లముఖము పదింట ఆరుసార్లు పడు పిక్కలైనచో చెమ్మా నూటికి 13 సార్లు, అష్టా రెండు లేక మూడుసార్లు మాత్రమే పడును. పిక్కలోని స్వల్పమైన వంపు ఆటలో అయిదింతల భేదముగా మారుట విద్యార్థి తన చేతితో కట్టిన లెక్కవలన తెలిసికొనును.

ఒక్క జాగ్రత్త కావలెను. నాణెముల ప్రయోగములో తరగతి అంతటి లెక్కలను కలిపి కూడవచ్చును. పిక్కల విషయమున అట్లు కూడరాదు. ఎవరి పిక్క అరుగుదల వారిది. నలుగురు పిల్లలను ఒక జట్టుగా చేసి, ఒకే పిక్కను తలకు నూరుసార్లు చొప్పున నాలుగు వందలసార్లు వేయించినచో, తెల్లముఖపు నిష్పత్తి నూటికి రెండున్నర వంతుల అటునిటుగా తేలును. అటువంటి పిక్కలను నాలుగింటిని ఏరి, చెమ్మాలు అష్టాలు ఎన్ని పడునో ముందుగా లెక్కకట్టి కాగితము మడిచి పెట్టి, పిమ్మట ఆడి చూడవలెను. ఈ ప్రయోగములో 'సరియైన జవాబు' ఏ పుస్తకములోను అచ్చయి యుండదు. ఉపాధ్యాయునికి కూడ తెలియదు.